నెత్తురు సదస్సుకెళ్ళింది, మనిషెప్పుడెళతాడు?

(ఒక మండల కేంద్రంలో సంఘం కార్యకర్తలు, దళిత విద్యార్థులు, గూడేల పెద్దలు కలిసిన సభలో జీవశాస్త్ర పరిశోధకురాలు ఒకరు ఇచ్చిన ఉపన్యాసం. మాట్లాడింది మాట్లాడినట్టే అచ్చేస్తున్నాం.)

 

నన్ను రెండు సంగతుల మీద మాట్లాడమన్నారు. ఈ మండలం నుంచి ఇద్దరు పిల్లలు జీవశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తున్నారు. వాళ్ళ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థుల సింపోజియం జరగబోతోంది. ఒకరు మాట్లాడతానని పేరిచ్చారు. ఇంకొకరు ఇవ్వలేదు, నాకెందుకొచ్చిన గొడవ అంటున్నారు. ఇది మొదటిది. రెండోది, వచ్చే నెలలో మీ గూడేనికి నెత్తురు నమూనాలు తీసుకోడానికి పరిశోధకులు వస్తామని కబురు పెట్టారట. ఇవ్వాలా వద్దా అని పెద్దలు అడుగుతున్నారు. ఈ రెండూ వేరువేరు అనుకుంటున్నారు మీరు. కాదు. మీ చేతి నరంలోంచి తీసిన నెత్తురు ఆఖరికి తేలేది అలాంటి సింపోజియంలోనే. అందుకని రెండూ కలిపే మాట్లాడతాను.

సింపోజియం అంటే ఏందో ముందు చెప్పుకుందాం. పిహెచ్‌డి అంటే అయిదారేళ్ళ చాకిరి. పొద్దున లాబ్‌లోకి పోయినోడు రాత్రి పదింటికో పదకొండింటికో బయటికొస్తాడు. ఏం చేస్తున్నాడో ఇంట్లోవాళ్ళకి తెలీదు. పక్క లాబ్‌లో వాడికి కూడా సరిగ్గా తెలీదు. అందుకని పరిశోధక విద్యార్థులే పూనుకుని రెండు మూడు రోజుల సభ పెడతారు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్ వాళ్ళు 'బయోక్వెస్ట్' అనే పేరుతో పెడుతూ వచ్చారు. ఇలాంటివి దేశంలో చాలా ఉన్నాయి, పేర్లే వేరు. బయటి నుంచి పేరుమోసిన శాస్త్రవేత్తల్ని పిలుస్తారు. విద్యార్థి తన పని ఏమిటో ముందుగా అర పేజీలో రాసి పంపాలి. దాన్ని ఆబ్‌స్ట్రాక్ట్ అంటారు, అంటే సారాంశం. కమిటీ వాటిని చూసి కొందరికి వేదిక మీద పది పదిహేను నిమిషాలు ఇస్తుంది. మిగతావాళ్ళకి పోస్టరు. సినిమా పోస్టరంత కాగితం మీద తన ప్రయోగం, బొమ్మలు, లెక్కలు అచ్చేయించి బోర్డుకి తగిలించి పక్కన నిలబడాలి. వచ్చినోళ్ళు చూస్తారు, అడుగుతారు. సంతలో సరుకు పరుచుకుని కూచున్నట్టే. తేడా ఏందంటే ఇక్కడ కొనేవాళ్ళ చేతిలో డబ్బు ఉండదు, కలం ఉంటుంది. పై చదువుకి విదేశం పంపే ఉత్తరం రాసేది ఆ కలమే. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో బల్లకి అవతల కూచునేది ఆ మనిషే. "ఓహో, నువ్వా, ఆ రోజు నీ పోస్టరు చూశాను" అని ఆయన ఒక్క మాట అంటే చాలు, పని సగం అయినట్టు. ఆ పరిచయం వేదిక మీద కూడా జరగదు, టీ తాగే చోట జరుగుతుంది. ఎవరు ఎవర్ని ఎవరికి చూపించి "సార్, వీడు మనవాడు" అంటారో అక్కడ జరుగుతుంది. 'మనవాడు' అనే మాటకి అర్థం ఈ సభలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి మన పిల్లలు అక్కడ ఏం చేస్తుంటారు? కుర్చీలేస్తుంటారు. పోస్టర్లకి బోర్డులు మోస్తుంటారు. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర సంచులు పంచుతుంటారు. భోజనాల దగ్గర వడ్డిస్తుంటారు. పని చెడ్డదని నేననను. సభ అన్నాక ఎవరో ఒకరు చెయ్యాలి. ప్రతిసారీ మనమే ఎందుకు అన్నదే ప్రశ్న. లాబ్‌లో కూడా ఇదే సంగతి. ప్రయోగం ఆలోచించే పని ఒకరికి, గాజు సీసాలు కడిగే పని, ఆటోక్లేవ్‌లో ఉడకబెట్టే పని, ఎలుకలకి మేతేసే పని ఇంకొకరికి. ఎవరూ నోరు తెరిచి "నువ్వు ఫలానా కులం, నువ్వు కడుగు" అనరు. "నువ్వు బాగా కడుగుతావురా, నీ చేతిలో పని శుభ్రం" అంటారు. పొగడ్త! మన తాతలకీ ఈ పొగడ్తే దక్కింది.

నా సంగతి ఒకటి చెబుతాను, చోటు పేరు చెప్పను. మూడేళ్ళు ఒక ప్రొటీన్ మీద పని చేశాను. రాత్రిళ్ళు లాబ్‌లోనే పడుకున్నాను. సింపోజియానికి సారాంశం పంపే వేళకి చూస్తే వరసలో నా పేరు మూడోది. వేదికెక్కింది లాబ్‌కి కొత్తగా వచ్చిన ఇంకో అబ్బాయి. ఎందుకని అడిగితే "అతని ఇంగ్లీషు బావుంటుంది, లాబ్ పరువు కదమ్మా" అన్నారు. ప్రొటీన్‌కి ఇంగ్లీషు రాదు అయ్యా! ఆ అబ్బాయి బాగానే మాట్లాడాడు, కాదనను. చివర్లో ముంబై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ప్రొటీన్ ఏ వేడి దగ్గర పాడైపోయింది అని అడిగితే వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. కూచున్న చోటు నుంచే నేను చెప్పాను. మైకు నా దాకా రాలేదు. అయినా ఆమె రాసుకుంది.

ఇది ఒక్కదాని గోడు అనుకోకండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల సంగతి చూడమని ప్రభుత్వం 2006లో ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో నివేదిక వచ్చింది. టీచర్లు మిగతా పిల్లలకిచ్చినంత టైము తమకివ్వరని, మౌఖిక పరీక్షల్లో కులం ఆరా తీస్తారని పిల్లలు చెప్పింది అందులో కెక్కింది. దేశంలోకెల్లా పెద్ద వైద్య సంస్థ సంగతి అది. ఇంకోటి వినండి. కేంద్ర విద్యాసంస్థల్లో సీట్ల రిజర్వేషన్లకి 2006 నాటి చట్టం చేసినప్పుడు, చివర ఒక పట్టిక తగిలించి కొన్ని సంస్థలకి ఇది వర్తించదన్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ అందులో ఉంది. మనేసర్‌లో మెదడు మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం ఉంది. "శ్రేష్ఠమైన సంస్థలు" అట! శ్రేష్ఠమైన చోటికి మనం పోతే మైల పడుతుందని చట్టం భాషలో రాసుకున్నారు. గుడి తలుపు మాట మనకు తెలుసు. లాబ్‌కి కూడా తలుపుంది.

ఇప్పుడు పేరివ్వనన్న ఆ బిడ్డకి ఒక సంగతి చెప్పాలి. 1916 మే 9న న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ అనే మానవశాస్త్ర అధ్యాపకుడి సెమినార్‌లో ఒక విద్యార్థి లేచి పేపరు చదివాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. ఆయన భీంరావు అంబేద్కర్. పేపరు భారతదేశంలో కులాల గురించి. మనం ఆయన్ని విగ్రహంగా చూస్తాం, కోటు, పుస్తకం, చూపుడు వేలు. ఆ రోజు మాత్రం ఆయన నీలాంటి విద్యార్థే. తెల్లవాళ్ళ మధ్య, పరాయి భాషలో, తోటి విద్యార్థుల ప్రశ్నల ముందు నిలబడినవాడు. ఆయన చెప్పిందేంటి? కులానికి ప్రాణం కులంలోనే పెళ్ళి అన్నాడు. ఈ దేశం జనం ఎప్పుడో కలిసిపోయిన జనం, వాళ్ళ మీద ఈ కట్టడి తర్వాత తెచ్చి పెట్టారు అన్నాడు. సతి, వితంతువుకి మళ్ళీ పెళ్ళి లేకపోవడం, పసిపిల్లల పెళ్ళిళ్ళు, ఇవన్నీ ఆ కట్టడి నిలబెట్టడానికే అన్నాడు. మరుసటి సంవత్సరం 1917లో అది 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో అచ్చయింది. ఒక విద్యార్థి సెమినార్ పేపరు!

అదే 1916లో అమెరికాలోనే చికాగో యూనివర్సిటీ ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ అనే నల్లజాతి మనిషికి జీవశాస్త్రంలో డాక్టరేటు ఇచ్చింది. సముద్రపు జీవుల గుడ్ల మీద, జీవకణం పై పొర మీద ఆయన చేసిన పని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. అయినా తెల్లవాళ్ళ యూనివర్సిటీల్లో ఆయనకి ఉద్యోగం దొరకలేదు. కొన్నేళ్ళ తర్వాత పని కోసం యూరప్ దారి పట్టాడు. 1941లో పోయాడు. డిగ్రీ ఇచ్చినంత మాత్రాన తలుపు తెరిచినట్టు కాదని ఆయన బతుకు చెబుతుంది.

సరే, నెత్తురు సంగతికొద్దాం. 1916లో అంబేద్కర్ గారు పుస్తకాలు చదివి, ఆలోచించి చెప్పిన మాటని సైన్సు నెత్తురులో చూడటానికి తొంభై ఏళ్ళు పట్టింది. ఆ నెత్తురు ఎవరిది? మనది. 2001లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్ళు, మన ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు కలిసి ఒక పరిశోధన అచ్చేశారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల నుంచి మాల, మాదిగ, రెల్లి దాకా మగవాళ్ళ దగ్గర నమూనాలు తీసి పోల్చారు. 2009లో హైదరాబాదు సిసిఎంబి, అమెరికా హార్వర్డ్ వాళ్ళు కలిసి 25 సమూహాల నుంచి 132 మంది జన్యువులు చదివారు. అందులో మాల ఉన్నారు, మాదిగ ఉన్నారు, వెలమ ఉన్నారు, వైశ్యులు ఉన్నారు. తేలిందేంటి? చూసినవాళ్ళలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలగలుపే. పాళ్ళలో హెచ్చుతగ్గులు ఉన్నాయి గానీ కలవని కులం లేదు. 2013లో మళ్ళీ 73 సమూహాలతో లెక్కేశారు. సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా జనం బాగా కలిశారు, ఆ తర్వాత కలవడం ఆగిపోయింది. ఎవరి గూట్లో వాళ్ళు పెళ్ళిళ్ళు. అంటే కులం సృష్టి నుంచీ లేదు. ఒక కాలంలో కట్టిన గోడ అది. కట్టిన గోడని కూలగొట్టొచ్చు కూడా.

ఇంత గొప్ప సంగతి మన నెత్తురే చెప్పింది. కానీ మనకెవరు చెప్పారు? సీసాలో నెత్తురు ఎన్నో వేల మైళ్ళు పోయింది, సదస్సుల తెర మీదికెక్కింది, రంగురంగుల బొమ్మలైంది. గూడెం మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆ తెర మీద ఏం రాస్తారో తెలుసా? 'అప్పర్ కాస్ట్', 'మిడిల్ కాస్ట్', 'లోయర్ కాస్ట్'. పైన, మధ్య, కింద. అయ్యా, జన్యువులో కింద ఎక్కడుంది? సూక్ష్మదర్శినిలో పెట్టి చూపించండి! మనిషి పెట్టిన మెట్టుని ప్రకృతి పెట్టిన మెట్టులాగా తెర మీద రాసేస్తే, హాల్లో రెండొందల మంది తలూపుతారు. ఎవరికీ తప్పనిపించదు. ఎందుకంటే కింద అని రాసిన గడిలోని మనిషి ఆ హాల్లో లేడు. ఉన్నా బోర్డులు మోస్తున్నాడు. ఒక్క మాల పిల్ల, ఒక్క మాదిగ పిల్లోడు లేచి "కింద అని రాసిందెవరండి, మీ కొలతకర్ర ఏది?" అంటే చాలు, మరుసటి ఏడాది ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగుద్ది. మనవాళ్ళు సదస్సులో ఉండాలనేది ఉద్యోగాల కోసమే కాదు. ప్రశ్నే మారిపోద్ది.

కొందరు మనవాళ్ళే అంటారు, మనకి ఈ సైన్సు ఎక్కడిది అని. మా తాత తోళ్ళు ఊనేవాడు. సున్నం నీళ్ళలో నానేసి వెంట్రుక ఊడదీసేవాడు, తంగేడు చెక్క కషాయంలో నానబెట్టేవాడు. చెక్కలోని టానిన్ పోయి తోలులోని కొల్లాజెన్ ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, అందుకే తోలు కుళ్ళదు. ఇవాళ ఇదే మాట తెర మీద ఇంగ్లీషులో రాస్తే బయోకెమిస్ట్రీ. మా తాత చేస్తే అంటరానితనం.

ఇక పెద్దలు అడిగినదానికి జవాబు. ఇవ్వొద్దని నేను చెప్పను. ఎందుకో వినండి. 2017లో ఇలాంటి జన్యు పరిశోధకులే దక్షిణాసియాలో 263 సమూహాలు చూశారు. వాటిలో 81 సమూహాల్లో ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచే ఇంత జనం పుట్టుకొచ్చిన గుర్తులు బలంగా కనిపించాయి. ఇది మేనరికం సంగతి కాదు, అది వేరు. ఎన్నో తరాలు ఒకే కులంలో పెళ్ళిళ్ళు జరగడం వల్ల వచ్చేది ఇది. అలాంటి చోట కొన్ని జబ్బులు ఆ కులంలోనే ఎక్కువ కనబడతాయి. వైశ్యుల్లో కొంతమందికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు ఒంట్లో తొందరగా విరగదు, ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి తెలిసింది కాబట్టి డాక్టరు ముందే జాగ్రత్తపడొచ్చు. మన ఒంట్లో ఏముందో కూడా తెలియాలి కదా. తెలియకుండా ఉండటం ఆత్మగౌరవం కాదు.

కానీ అడక్కుండా ఇవ్వొద్దు. అడగాలి. ఎందుకో మీకు హెన్రియెటా లాక్స్ కథ చెబుతాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో పొగాకు చేలల్లో పెరిగిన నల్లజాతి ఆడమనిషి. మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోయేది, అందుకే ఆమె పేరు వింటే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. 1951లో ఆమెకి గర్భాశయ ముఖద్వారంలో కాన్సర్ వస్తే బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి పోయింది. అక్కడ గడ్డలోంచి కొంచెం ముక్క తీసి లాబ్‌కిచ్చారు. ఆమెని అడగలేదు. ఆ ఏడే ఆమె చనిపోయింది. ఆ కణాలు మాత్రం చావలేదు. సీసాల్లో పెరుగుతూనే ఉన్నాయి. 'హీలా' కణాలు అంటారు, ఆమె పేరు, ఇంటిపేరు మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. పోలియో టీకా పరీక్షలకి వాడారు, కాన్సర్ పరిశోధనకి వాడారు, అమ్ముకున్నారు. ఇరవై ఏళ్ళ పైన ఇంట్లోవాళ్ళకి తెలియనే తెలియదు. కుటుంబం కోర్టుకెక్కితే 2023లో ఒక పెద్ద కంపెనీ వాళ్ళతో రాజీకొచ్చింది. మీ పిల్లలు పోయే సింపోజియంలో పోస్టర్ల వెంట నడిచి చూడండి, హీలా కణాలతో చేసిన పని తప్పకుండా ఒకటన్నా కనబడుద్ది. ఆ పోస్టరు పక్కన నిలబడ్డ పిల్లోడిని "హీలా అంటే ఎవరు బాబూ?" అని అడగండి.

మన దేశంలో ఐసిఎంఆర్ వాళ్ళు 2017లో రాసిన నియమాలున్నాయి. మీకు అర్థమయ్యే భాషలో చెప్పి, మీ ఒప్పుకోలు తీసుకోవాలి. ఇష్టం లేకపోతే ఇవ్వనని చెప్పొచ్చు, ఇచ్చాక కూడా మధ్యలో తప్పుకోవచ్చు. అందుచేత వచ్చినవాళ్ళని కూచోబెట్టి మంచినీళ్ళిచ్చి అడగండి. దేనికోసం తీస్తున్నారు? తెలుగు కాగితం ఏది? ఆ కాగితం సంఘం పిల్లలు అందరి ముందూ చదివేదాకా వేలిముద్ర వెయ్యకండి. సీసా ఎక్కడ దాస్తారు, ఇంకెవరికన్నా ఇస్తారా? మాల అనో మాదిగ అనో రాసేచోట పక్కన ఇంకేం రాస్తారు? అన్నిటికన్నా ముఖ్యం, ఫలితం తేలాక ఈ రావిచెట్టు కిందికొచ్చి తెలుగులో చెబుతారా? చెబుతామని రాసివ్వమనండి. నెత్తురు ఇవ్వకపోతే రేషన్ ఆగుద్దని, పింఛను ఆగుద్దని ఎవరన్నా బెదిరిస్తే అది అబద్ధం. ఇంకో మాట, జబ్బు పరీక్ష వేరు, పరిశోధన వేరు. ఏజెన్సీలో సికిల్ సెల్ పరీక్షలు చేస్తున్నారు, 2023లో కేంద్రం దానికో పథకం పెట్టింది. అలాంటి వైద్య పరీక్షకి భయపడి ఆగకండి.

సంఘం అన్నలకి నా మాట. ఊరేగింపుకి లారీ కట్టినట్టే సదస్సుకి కూడా మనుషుల్ని కట్టండి. ఎస్సీ, ఎస్టీ పరిశోధక విద్యార్థులకి 2005-06లో రాజీవ్ గాంధీ ఫెలోషిప్ పెట్టారు, ఏడాదికి రెండువేల మందికి. ఎంతోమంది ఇళ్ళలో మొదటిసారి పిహెచ్‌డి అనే మాట వినిపించింది దానివల్లే. కానీ ఆ డబ్బు నెలనెలా చేతికందకపోతే పిల్లోడు పోస్టరు అచ్చేయించలేడు, రైలెక్కలేడు, మెస్సు బిల్లు కట్టలేడు. మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. 2016 జనవరి 17న చనిపోతూ రాసిన ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్ బాకీ సంగతి రాయాల్సొచ్చింది. కాబట్టి ఫెలోషిప్ ఆగిందని ఒక పిల్ల చెప్పిన నాడే కదలండి, శవం లేచాక కాదు. సారాంశాలు ఎంచే కమిటీలో మనవాళ్ళు ఉన్నారా అని యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి. ఎవరి పని వాళ్ళ పేరు మీదే ముందు రావాలని అడగండి.

పేరివ్వనన్న బిడ్డా, నీకు ఇంగ్లీషు భయం అని మీ అమ్మ చెప్పింది. సారాంశం ముందు తెలుగులో రాయి. నీకు తెలుగులో అర్థమైందంటే ఇంగ్లీషు దొరుకుతుంది. హాస్టల్ గదిలో రాత్రి స్నేహితుల్ని కూచోబెట్టుకుని ఐదుసార్లు చెప్పి చూడు, వాళ్ళని కర్కశంగా అడగమను. తెలియని ప్రశ్నకి "ఇంకా చూడలేదండి, చూస్తాను" అని చెప్పు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా అదే చెబుతారు, కాకపోతే పొడుగ్గా చెబుతారు. వేదిక ఇవ్వకపోతే పోస్టరు తీసుకో. పోస్టరు దగ్గర ఒక్కొక్కరితో మాట్లాడతావు, అది నీకు ఇంకా మేలు. సారాంశం పంపడానికి ఇంకా పన్నెండు రోజులుంది. నేను రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, నీ నోటుబుక్కు తీసుకురా.

అన్నట్టు, సింపోజియం రోజున ఇక్కడి నుంచి పదిమందిని తీసుకుపోదామని అనుకుంటున్నాం. పోస్టర్ల హాల్లోకి మనల్ని రానిస్తారా లేదా అన్నది ముందుగా ఉత్తరం రాసి అడుగుతున్నాం. రావాలనుకున్నోళ్ళు పేర్లివ్వండి, ఆడవాళ్ళు కూడా ఇవ్వండి. ఇప్పుడు మీరు అడగండి. ముందు ఆ వెనకాల నిలబడ్డ అమ్మలు అడగండి.